సెలైన్ పెట్టే ముందు ప్రశ్నలు అడిగిన క్యాజువాలిటీ: 4 స్టార్లు

ఈ ఆస్పత్రి ఎమర్జెన్సీ గురించే రాస్తున్నాను. ఓపీ ఎలా ఉంటుందో నాకు తెలియదు.

మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్, హనుమకొండ హాస్టల్లో ఉంటుంది. కళ్లు తిరిగి పడిపోయిందని రాత్రి వార్డెన్ ఫోన్ చేస్తే ఆటోలో ఇక్కడికి తీసుకొచ్చాను. అంతకుముందు ఇలాగే అయినప్పుడు పరకాల వైపు ఒక నర్సింగ్‌హోంలో చూపించారు. అక్కడ ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి, 'పరీక్షల టెన్షన్, మంచిగ తినమనండి' అని బలం గోళీలు రాసి పంపేశారు. సంక్రాంతికి సకినాలు ఒక్కటి కూడా ముట్టని పిల్లకు ఆ మాట ఏం పనికొస్తుంది!

ఇక్కడ నైట్ డ్యూటీ డాక్టరమ్మ పిల్లను పడుకోబెట్టి నాడి, బీపీ చూశారు. నిలబెట్టి మళ్లీ చూశారు. పడుకున్నప్పుడు నాడి 44 ఉంది. రోజూ గ్రౌండ్‌లో పరుగెత్తేవాళ్లకైతే అలా ఉండొచ్చు గానీ ఈ పిల్లకు ఉండకూడదని వెంటనే ఈసీజీ తీయించారు. తర్వాత కుడిచెయ్యి తిప్పి, వేళ్ల కణుపుల మీద గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా తడిమి చూశారు. దవడల దగ్గర ఉబ్బు చూశారు. పళ్లు చూశారు. 'అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి' అని పరదా లాగి పిల్లతో ఒంటరిగా మాట్లాడారు.

లావైపోతానన్న భయంతో తిన్నది వేలు పెట్టి కక్కేస్తోందని, నెలసరి ఆగిపోయిందని అప్పుడు బయటపడింది. చేతి మీద గట్టిపడ్డ చర్మం, దవడల ఉబ్బు అలా కక్కడం వల్లేనట. నాకు చెప్పొచ్చా అని పిల్లను అడిగిన తర్వాతే చెప్పారు. పిల్ల మరీ ఎముకల గూడులా ఏం లేదు. కొద్ది కాలంలో బాగా తగ్గితే చూడ్డానికి మామూలుగా ఉన్నా గుండె దెబ్బతినొచ్చట, ఒక్క బరువు చూసి ప్రమాదం లేదనుకోకూడదట.

రక్తంలో పొటాషియం 2.7 వచ్చింది. కనీసం 3.5 ఉండాలి. వాంతులతో అది పోతే గుండె లయ తప్పుతుందని రాత్రంతా మానిటర్ పెట్టే ఉంచారు. వాంతులు ఆగే ఇంజెక్షన్ల వల్ల కూడా కొందరికి ఆ ఇబ్బంది రావొచ్చని ఈసీజీ చూశాకే ఏది ఇవ్వాలో తేల్చుకున్నారు.

నాకు బాగా నచ్చింది తిండి విషయంలో వాళ్ల జాగ్రత్త. నేను వెళ్లి ఇడ్లీలు తెస్తానంటే ఆపారు. చాలా రోజులు ఆకలితో ఉన్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి గానీ గ్లూకోజ్ గానీ పోతే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్ కణాల్లోకి వెళ్లిపోతుందట. దాంతో గుండె, ఊపిరి కండరాలు బలహీనపడతాయి, ప్రాణం మీదికే రావొచ్చు. షుగర్ పడిపోతే గ్లూకోజ్ ఇవ్వాల్సిందే. ఈమెకు షుగర్ బాగానే ఉంది. అందుకే ముందు థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఇచ్చి, మర్నాటి నుంచి కొంచెం కొంచెంగా మొదలుపెట్టి, రోజూ రక్తపరీక్ష చేస్తూ పెంచారు.

బరువు తూచేటప్పుడు నర్సమ్మ పిల్లను కాటా వైపు వీపు పెట్టి నిలబడమంది. అంకె పైకి చదవకుండా కాగితం మీద రాసుకుంది. ఆ పని ఎవరు నేర్పారో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇక బాగాలేనివి. రాత్రి డ్యూటీ ఆయమ్మ 'ఇంత మంచిగున్న పిల్లవు, తింటే ఏం పోతది' అని పదిమందిలో అనేసరికి పిల్ల ముఖం గోడకు తిప్పేసుకుంది. సైకియాట్రిస్ట్ మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. డిశ్చార్జ్ కాగితంలో ఆయన ఓపీ తేదీతో పాటు మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 కూడా రాసిచ్చారు, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు ఎక్కువే అయింది, దాని గురించి గొడవ పెట్టుకోను.

స్టార్ తగ్గించింది ల్యాబ్ వల్ల. అంత ముఖ్యమన్న ఫాస్ఫేట్ పరీక్ష రాత్రిపూట ఇక్కడ లేదు, శాంపిల్ బయటికి పంపారు. రిపోర్ట్ తెల్లారాక వచ్చింది. యాజమాన్యం ఈ రివ్యూ చదివితే ముందు ఆ పరీక్షను నైట్ ల్యాబ్‌లో పెట్టించండి.