సినిమా మిక్స్‌కి ఏ మీటర్ మేలు: లఫ్సా, లెక్-ఎమ్మా, ఎస్‌పీఎల్ మీటరా?

“అన్నా, సినిమా మిక్స్ చేస్తున్నా. లఫ్స్ ఎంత పెట్టాలి? మైనస్ 23ఆ, మైనస్ 27ఆ?”

ఈ ప్రశ్న ఈ ఏడాది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి “లెక్-ఎం మీటర్ కొనమంటారా?” అంటారు. లఫ్స్, లెక్-ఎం రెండూ మిక్స్ మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో (లౌడ్‌నెస్) చెప్పే కొలతలు. ఎస్‌పీఎల్ మీటర్ రూమ్‌లో మోగే శబ్దాన్ని కొలుస్తుంది. అడిగేవాళ్ళు పని తెలియనివాళ్ళేం కాదు. సెంటర్ బాక్స్‌లోకి (తెర మధ్య స్పీకర్) ఏం వెళ్ళాలో, కంప్రెసర్ ఎక్కడ పడాలో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తిరకాసంతా ఆ అంకె దగ్గరే.

ముందే చెప్పేస్తాను. థియేటర్‌కి వెళ్ళే పూర్తి నిడివి సినిమాకి ఇంత లౌడ్‌నెస్ ఉండాలని ఏ స్టాండర్డూ అంకె పెట్టలేదు. ట్రైలర్లకి ఉంది, యాడ్స్‌కి ఉంది, టీవీకి ఉంది, ఓటీటీకి ఉంది. సినిమాకి మాత్రం లేదు. సినిమాకి పెట్టింది మిక్స్ చేసే రూమ్ ఎంత గట్టిగా మోగాలన్న అంకె, 85 డీబీ. ఈ తేడా తలకెక్కడానికి నాకు పరువు పోవాల్సి వచ్చింది.

కొన్నేళ్ళ కిందట ఒక 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ మిక్స్ చేశాను. మా రూమ్‌లో రాత్రిళ్ళు పని, పక్కింటివాళ్ళు పడుకుంటారని వాల్యూమ్ తగ్గించుకుని చేశాను. లఫ్స్ మీటర్ పెట్టుకుని యూరప్ టీవీ వాళ్ళ ఆర్128 చెప్పినట్టు కచ్చితంగా మైనస్ 23కి తెచ్చి, ఎంత బుద్ధిమంతుడినో అనుకున్నాను. ఒక ప్రివ్యూ థియేటర్‌లో షో పడింది. ఫేడర్ (థియేటర్ వాల్యూమ్) 7 మీద ఉంది, అంటే ఉండాల్సిన చోటే. మొదటి సీన్‌లో వంటింట్లోంచి నాయనమ్మ మనవణ్ణి పిలుస్తుంది. ఆ పిలుపు ఊళ్ళో మైకులో వేసినట్టు వచ్చింది. ముందు వరసలో ఒకాయన చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు. ఆపరేటర్ గబగబా 5.5కి దించాడు. డాల్బీ ప్రాసెసర్లలో ఆ రేంజ్‌లో ఒక్కో 0.3కి సుమారు 1 డీబీ, అంటే 5 డీబీ తగ్గినట్టు. నా సినిమా గట్టెక్కింది. కానీ ఆపరేటర్ ఫేడర్‌ని మళ్ళీ 7కి తేవడం మర్చిపోయాడు. నా తర్వాత పడిన షార్ట్ ఫిల్మ్‌ని ఎవరో కుర్రాడు సరైన రూమ్‌లో, సరైన లెవల్‌లో మిక్స్ చేసుకొచ్చాడు. అందులో ఒక్క డైలాగూ సరిగ్గా వినపడలేదు. అతనికి ఇప్పటికీ నేను ఈ సంగతి చెప్పలేదు.

మన సింగిల్ స్క్రీన్లలో రోజూ జరిగేదీ ఇదే. ఒక సినిమా చెవులు పగిలేలా వస్తుంది, జనం గొడవ చేస్తారు, ఫేడర్ 5కి దిగుతుంది, అక్కడే ఉండిపోతుంది. తర్వాతి సినిమా మిక్స్ చేసినవాడు ‘థియేటర్లో ఎలాగూ తగ్గిస్తారు’ అని ఇంకో 3 డీబీ ఎక్కిస్తాడు.

అందుకే నా ఓటు ముందుగా ఎస్‌పీఎల్ మీటర్‌కి. నాలుగైదు వేలు పెడితే వచ్చే చేతి మీటరే. సీ వెయిటింగ్ (బేస్‌ని పెద్దగా తగ్గించకుండా లెక్కేసే సెట్టింగ్), స్లో రెస్పాన్స్ (అంకె నెమ్మదిగా కదిలే సెట్టింగ్) ఉంటే చాలు. దాన్ని లౌడ్‌నెస్ మీటర్ అనకూడదని కొందరు వాదిస్తారు, నిజమే. కానీ మిగతా మీటర్లు చూపించే అంకెలకి అర్థం వచ్చేది దీనివల్లే.

సెటప్ అందరికీ తెలిసిందే అయినా, తప్పులు జరిగే చోట్లు చెబుతాను. పింక్ నాయిస్‌ని (పరీక్షకి వాడే జలపాతం లాంటి హోరు) మైనస్ 20 డీబీఎఫ్‌ఎస్ ఆర్‌ఎంఎస్‌లో, అంటే డిజిటల్ గరిష్ఠానికి సగటున 20 డీబీ కింద, ఒక్కో బాక్స్‌కే పంపాలి. మీటర్ మీరు కూర్చునే చోట, చెవి ఎత్తులో ఉండాలి. ముందున్న మూడు బాక్సులూ విడివిడిగా 85 చూపించాలి. 5.1లో (ముందు మూడు, పక్కల రెండు సరౌండ్లు, ఒక సబ్‌వూఫర్) ఎడమ సరౌండ్ మొత్తం 82, కుడి సరౌండ్ మొత్తం 82. సబ్‌వూఫర్‌ని ఈ మీటర్‌తో సెట్ చేయకండి. అది తన బ్యాండ్‌లో మిగతావాటికన్నా 10 డీబీ ఎక్కువ ఉండాలి, అది ఆర్‌టీఏలోనే (ఫ్రీక్వెన్సీల వారీగా శబ్దాన్ని చూపించే మీటర్) తేలుతుంది. ఇంకో గొయ్యి పింక్ నాయిస్ ఫైల్ దగ్గర ఉంది. కొన్ని మీటర్లు సైన్ వేవ్‌ని దృష్టిలో పెట్టుకుని ఆర్‌ఎంఎస్‌కి 3 డీబీ కలిపి చూపిస్తాయి, కొన్ని కలపవు. మీ సాఫ్ట్‌వేర్ ఏ లెక్కలో ఉందో చూసుకోకపోతే రూమ్ మొత్తం 3 డీబీ పక్కకి పోతుంది.

చిన్న రూమ్‌లో 85 పెట్టకండి. అరగంటలో తల పగులుతుంది, ఆ బాధకి మిక్స్‌ని అవసరానికి మించి తగ్గించేస్తారు. అమెరికా టీవీ వాళ్ళ ఏ/85 పత్రంలో రూమ్ సైజును బట్టి ఒక పట్టిక ఉంది. 1500 ఘనపుటడుగుల లోపు రూమ్‌కి 76, 1500 నుంచి 5000కి 78, 10000 దాకా 80, 20000 దాకా 82, ఆపైన 85. నా రూమ్ 12 అడుగులు, 14 అడుగులు, ఎత్తు 10. అంటే 1680, కాబట్టి 78. అది టీవీ మిక్స్ కోసం రాసినదే అయినా, చిన్న రూమ్‌లో సినిమా ప్రీమిక్స్ చేసేవాళ్ళకి అంతకన్నా మంచి మొదలు నాకు దొరకలేదు. సరౌండ్లని మాత్రం సినిమా పద్ధతిలోనే 3 తక్కువలో ఉంచుతాను.

ఇలా సెట్ చేసి, వాల్యూమ్ నాబ్ మీద టేప్ అంటించేయండి. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఎంత వినపడాలో చెవికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. నాబ్ కదలనంత వరకు డైలాగ్ ఎక్కువైతే మీకే ఇబ్బంది అనిపిస్తుంది, తక్కువైతే మీరే ముందుకి వంగుతారు. నాబ్ కదిలితే ఎన్ని లక్షల మీటర్ ఉన్నా గాలిలో దీపమే.

ఇక లెక్-ఎం. డాల్బీ వాళ్ళ పద్ధతి ఇది. ట్రైలర్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయని అమెరికాలో గోల మొదలయ్యాక, 1990ల చివర్లో టాసా అనే ట్రైలర్ల సంఘం దీన్నే కొలమానంగా పెట్టుకుంది. ట్రైలర్‌కి గరిష్ఠం 85. సినిమాహాలు యాడ్స్‌కి సావా అనే సంఘం పెట్టింది 82. ఐఎస్‌ఓ 21727 అనే స్టాండర్డ్ కూడా ఉంది, దాని పేరులోనే ‘తక్కువ నిడివి’ అని ఉంటుంది. అయినా కొందరు రెండున్నర గంటల సినిమాని ఇందులో పెట్టి, వచ్చిన అంకె పట్టుకుని నా దగ్గరకి వస్తారు.

ఇది మొదటి నుంచి చివరిదాకా శక్తిని సగటు తీస్తుంది. అంతకుముందు ఒక వెయిటింగ్ (ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత తూకమన్న లెక్క) వేస్తుంది, దాని స్వభావం తెలిస్తే సగం పని అయినట్టే. 2000 హెర్ట్జ్ దగ్గర సున్నా. 1000 దగ్గర మైనస్ 5.6. 6300 దగ్గర ప్లస్ 6.6. 100 హెర్ట్జ్ దగ్గరకి వచ్చేసరికి మైనస్ 25 పైనే. అంటే డప్పు, బాంబు, సబ్‌వూఫర్ దడ దీనికి దాదాపు కనపడవు. కత్తుల రాపిడి, తాళాలు, డైలాగ్‌లో ‘స’, ‘ష’ అక్షరాల సీత్కారం మాత్రం బిల్లు పెంచేస్తాయి. చెవికి చిరాకు పుట్టించేది ఆ రేంజే కాబట్టి ట్రైలర్‌కి ఇది న్యాయమైన లెక్కే. అంకె 87 వచ్చిందనుకోండి, మొత్తాన్ని 2 డీబీ దించకండి. ముందు 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఏం గీస్తోందో చూసి అక్కడ తగ్గించండి. ట్రైలర్ బరువు అలాగే ఉంటుంది, అంకె దిగుతుంది.

దీని లోపం నిశ్శబ్దం దగ్గర. దీనికి గేట్ (నిశ్శబ్దాన్ని లెక్కలోంచి తీసేసే ఏర్పాటు) లేదు. 100 సెకన్ల గోలకి 20 సెకన్ల నల్ల తెర కలిపితే అంకె 0.8 డీబీ పడిపోతుంది, మిగతా గోల అలాగే ఉంటుంది. ఈ చిట్కా తెలిసి చేసేవాళ్ళున్నారు. అందుకని కొలిచేటప్పుడు ముందూ వెనకా ఉన్న ఖాళీని కత్తిరించండి.

మీ మీటర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నేను చేసే పరీక్ష చిన్నది. సెంటర్‌లో ఒకే లెవల్‌లో 1000, 2000, 6300 హెర్ట్జ్ టోన్లు విడివిడిగా వేసి కొలుస్తాను. మొదటిదానికన్నా రెండోది 5.6, రెండోదానికన్నా మూడోది 6.6 ఎక్కువ రావాలి. రాకపోతే ప్లగిన్ ఇంకో వెయిటింగ్‌లో ఉన్నట్టు. తర్వాత 1000 టోన్‌ని సెంటర్ నుంచి సరౌండ్‌కి మార్చి చూడండి, 3 తగ్గాలి. తగ్గకపోతే అది సినిమా సెటప్‌లో లేదు. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టలేనివాళ్ళకి డీసీపీ (థియేటర్‌కి పంపే డిజిటల్ సినిమా ఫైల్) తయారుచేసే డీసీపీ-ఓ-మ్యాటిక్ ఉచితం, దాని ఆడియో విండోలోనే లెక్-ఎం అంకె కనిపిస్తుంది. పాత స్టూడియోల్లో లెక్-ఎం కొలిచే డాల్బీ 737 పెట్టె దొరికితే దండం పెట్టుకుని వాడండి.

లఫ్స్ గురించి అందరికీ తెలుసు కాబట్టి మూలాల్లోకి వెళ్ళను. బీఎస్ 1770 అనే స్టాండర్డ్, కొలిచేది 400 మిల్లీసెకన్ల ముక్కలు, మైనస్ 70 దగ్గర ఒక గేట్, సగటుకి 10 కింద ఇంకో గేట్. నిశ్శబ్దంతో దీన్ని మోసం చేయలేం. ఆ విషయంలో లెక్-ఎం కన్నా ఇదే తెలివైనది. కానీ తెలుగు సినిమాని ఇందులో పెడితే ఏమవుతుందో చూడండి.

150 నిమిషాల సినిమా అనుకుందాం. పాటలు, ఫైట్లు కలిపి 45 నిమిషాలు, అవి మైనస్ 18 దగ్గర ఉన్నాయి. మిగతా 105 నిమిషాలు మాటలు, మైనస్ 28 దగ్గర. లెక్క వేస్తే మొత్తం సుమారు మైనస్ 22 వస్తుంది. ‘మైనస్ 27 కావాలట’ అని ఎవరో చెప్పారని మొత్తాన్ని 5 దించితే, మాటలు మైనస్ 33కి పోతాయి. పాటల వల్ల పెరిగిన బిల్లు డైలాగ్ కట్టినట్టు. ఆ మైనస్ 27 ఎక్కడిది? నెట్‌ఫ్లిక్స్ అడిగేది. వాళ్ళు అడిగేది మాటల మీద కొలిచిన మైనస్ 27, రెండు అటూ ఇటూ, ట్రూ పీక్ (శబ్దం తాకే అసలు గరిష్ఠం) మైనస్ 2 దాటకుండా. సినిమా మొత్తం మీద కాదు. ‘డైలాగ్ గేట్’ బటన్ (మాటలున్న చోటే కొలిచేది) నొక్కకుండా కొలిచి, సినిమా రిజెక్ట్ అయిందని ఏడ్చినవాళ్ళని చూశాను.

ఆ బటన్ నొక్కినా పాటల దగ్గర ఒక కన్నేసి ఉంచండి. నా అనుభవంలో, వాయిద్యాలు తక్కువగా ఉన్న పల్లవిని కూడా అది మాటగా లెక్కేసుకున్న సందర్భాలున్నాయి. అందుకే నేను ఐదారు మామూలు సంభాషణ సీన్లు ఏరుకుని విడిగా కొలిచి పక్కన పెట్టుకుంటాను. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే సరే.

ఇంకో రెండు తప్పులు పదే పదే చూస్తున్నాను. ఒకటి చానల్ వరస. ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్‌లో ఫిల్మ్ వరస ఎడమ, సెంటర్, కుడి, సరౌండ్లు, చివర ఎల్‌ఎఫ్‌ఈ (సబ్‌వూఫర్ చానల్). డీసీపీలో ఎడమ, కుడి, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ, తర్వాత సరౌండ్లు. లఫ్స్ మీటర్ ఎల్‌ఎఫ్‌ఈని లెక్కలోకే తీసుకోదు, సరౌండ్‌కి 1.5 డీబీ కలుపుతుంది. వరస తారుమారైతే సరౌండ్‌ని వదిలేసి సబ్‌వూఫర్‌ని కొలుస్తూ కూర్చుంటుంది. రెండోది థియేటర్ మిక్స్‌ని తిన్నగా ఇందులో పెట్టడం. థియేటర్‌లో సరౌండ్ 3 తక్కువ మోగుతుందని మనం ఫైల్‌లో 3 ఎక్కువ రాసి ఉంటాం. ఇంటి లెక్కలో ఉన్న ఈ మీటర్‌కి ఆ సంగతి తెలియదు, పైగా తన 1.5 కలుపుతుంది. ఓటీటీకి నియర్‌ఫీల్డ్ మిక్స్ (ఇంట్లో వినేందుకు దగ్గర స్పీకర్లలో చేసేది) చేసేటప్పుడు సరౌండ్‌ని 3 దించాకే కొలవండి.

కాబట్టి లఫ్స్ నా దగ్గర ఓటీటీ, టీవీ డెలివరీ రోజున తెరుచుకునే మీటర్. స్టీరియోకైతే యూలీన్ ఉచిత వెర్షన్ చాలు. సరౌండ్‌కి దాని డబ్బులిచ్చే వెర్షన్ గానీ, న్యూజెన్ విస్ఎల్‌ఎం గానీ చూసుకోండి.

మిగిలినవి రెండు ముక్కల్లో. వీయూ మీటర్ అందంగా ఉంటుంది. ఫోన్ యాప్ పెళ్ళి బ్యాండ్‌ని కొలవడానికి పనికొస్తుంది. పీక్ మీటర్ క్లిప్ అవుతోందో లేదో చెబుతుంది, అంతే.

మొన్న ఒక చిన్న సినిమా ఫైనల్ చెక్‌కి జిల్లాలో ఒక థియేటర్‌కి వెళ్ళాను. జేబులో ఎస్‌పీఎల్ మీటర్, డ్రైవ్‌లో పింక్ నాయిస్ డీసీపీ. ఆపరేటర్ అన్నకి టీ ఇప్పించి, ఫేడర్ 7లో పెట్టించి మధ్య సీట్లో కూర్చుని కొలిస్తే సెంటర్ 81 చూపించింది. అంటే అక్కడి 7 అసలు 5.8 కింద లెక్క. డైరెక్టర్ గారు సినిమా చూసి “డైలాగ్ 4 డీబీ పెంచుదాం” అన్నారు. మీటర్ ఆయనకి చూపించాను. ఆ ఒక్క థియేటర్ కోసం మిక్స్ మార్చితే సరిగ్గా ఉన్న థియేటర్లలో ఏమవుతుందో కూడా చెప్పాను. చివరికి ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) బరువుగా ఉన్న మూడు సీన్లలో మ్యూజిక్‌ని 1.5 దించాం, డైలాగ్ ముట్టుకోలేదు. ఆపరేటర్ అన్న మాత్రం నా మీటర్ ఎక్కడ దొరుకుతుందో రాసిచ్చి వెళ్ళమన్నాడు.