పికిల్‌బాల్ ప్యాడిల్: 14 మిల్లీమీటర్లదా, 16 మిల్లీమీటర్లదా?

పికిల్‌బాల్‌లో ప్లాస్టిక్ బంతిని కొట్టే బ్యాట్‌ను ప్యాడిల్ అంటారు. అది కొనబోయేవారు మొదట ధర చూస్తారు, తరువాత పైపొర కార్బన్‌దా, ఫైబర్‌గ్లాస్‌దా అని అడుగుతారు. నా అనుభవంలో వీటికన్నా ముందు తేల్చుకోవలసినది లోపలి కోర్ మందం. తేనెపట్టులా చిన్న చిన్న గదులున్న పాలీప్రొపిలీన్ పలకే ఆ కోర్. అది 14 మిల్లీమీటర్లా, 16 మిల్లీమీటర్లా అన్నదాన్నిబట్టి ఒకే చేతి ఊపుకు బంతి వేరువేరుగా పోతుంది.

14 మిల్లీమీటర్ల ప్యాడిల్ మీద బంతి తగిలీ తగలగానే దూసుకుపోతుంది. వెనుక గీత దగ్గర నిలబడి బలంగా డ్రైవ్ చేసేవారికి, సింగిల్స్ ఎక్కువగా ఆడేవారికి అది అనుకూలం. 16 మిల్లీమీటర్లది దెబ్బలో కొంత తనలో ఇముడ్చుకుంటుంది. వేగం తగ్గుతుంది గాని, ఎంత కొడితే ఎంత దూరం పోతుందో చేతికి అంచనా చిక్కుతుంది, బంతి మధ్యకు కాస్త పక్కగా తగిలినా ప్యాడిల్ అంత సులువుగా మెలితిరగదు.

డబుల్స్ ఆడేవారికి నేను 16నే చెబుతాను. కారణం ఆట నియమాల్లోనే ఉంది. నెట్‌కు రెండు వైపులా 7 అడుగుల మేర ఉన్న జాగాను కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని నేల తాకకముందే కొట్టరాదు. సర్వ్‌నూ, దాని రిటర్న్‌నూ బంతి ఒకసారి నేలను తాకిన తరువాతే ఆడాలి కనుక, రిటర్న్ చేసిన జట్టు కిచెన్ గీత దగ్గరికి చేరిపోతుంది, సర్వ్ చేసిన జట్టు మాత్రం వెనుకే ఉండిపోతుంది. ఆ స్థితిలో మూడో షాట్‌ను మెత్తగా ఎత్తి ఎదుటి కిచెన్‌లో పడేయగలిగితేనే ముందుకు రావడానికి వ్యవధి దొరుకుతుంది. నెట్ ఎత్తు మధ్యలో 34 అంగుళాలే. బంతి దాని మీదుగా జానెడు ఎత్తులో పోతే మంచి డ్రాప్, మూరెడు ఎత్తులో పోతే ఎదుటివారికి స్మాష్. ఆ జానకూ మూరకూ నడుమ ఉన్న తేడాను 14తో అదుపులో పెట్టడానికి చాలా సాధన కావాలి.

షటిల్ నుంచి వచ్చినవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పికిల్‌బాల్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. అది షటిల్ డబుల్స్ కోర్టు కొలతే కనుక మనవాళ్లు ఇక్కడ తేలికగా కుదురుకుంటారు. అయితే షటిల్ రాకెట్ బరువు 90 గ్రాములకు అటూ ఇటూ ఉంటే, ప్యాడిల్ సాధారణంగా 210 నుంచి 240 గ్రాముల మధ్య ఉంటుంది. మణికట్టు విసురుతో కొట్టే అలవాటును అలాగే కొనసాగిస్తే ఆ భారం మోచేతి మీద పడుతుంది. తల బరువైన 14 మిల్లీమీటర్ల ప్యాడిల్‌తో మొదలుపెట్టిన నాకు, మూడో నెలకల్లా నీళ్ల చెంబు ఎత్తినా మోచేయి బయటివైపు కలుక్కుమనేది. 220 గ్రాముల లోపున్న 16కు మారి, షాట్‌ను భుజం నుంచి తోయడం నేర్చుకున్నాకనే ఆ నొప్పి తగ్గింది. బరువు విషయంలో సందేహం ఉంటే తేలికదే మేలు: చాలకపోతే అంచులకు లెడ్ (సీసం) టేప్ అంటించి పెంచుకోవచ్చు, ఉన్న బరువును తగ్గించుకోలేము. గ్రిప్ కూడా అంతే. సన్ననిదాని మీద ఇంకొక చుట్టు వేసుకోవచ్చు.

టెన్నిస్ ఆడి వచ్చి, రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టేవారికి పొడవాటి ప్యాడిల్, పొడవాటి పిడి నప్పుతాయి. కాని నిబంధనల ప్రకారం పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు మించకూడదు. 16.5 అంగుళాల పొడవున్నదానికి వెడల్పు 7.5కు మించదు, అదనంగా అందే దూరానికి బదులుగా స్వీట్ స్పాట్, అంటే బంతి చక్కగా తగిలే నడిమి చోటు, ఇరుకవుతుంది. కొత్తవారికి 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్నదే సరి.

పైపొరలో గరుకైన కార్బన్ స్పిన్‌కు తోడ్పడుతుంది, ఫైబర్‌గ్లాస్ బంతికి ఊపునిస్తుంది. కార్బన్ గరుకుదనం వాడేకొద్దీ అరిగిపోతుంది కనుక, ఒక్క స్పిన్ కోసమే ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఏదైనా కొనేముందు, ఇప్పుడు ఆడుతున్న కార్బన్ ప్యాడిల్‌ను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. బంతి ప్లాస్టిక్ రాసుకుని దాని మీద లేత మరకలు పడి ఉంటాయి. అవి నడిమి నుంచి పై అంచు వైపు ఒకేచోట గుమిగూడి ఉంటే మీకు పొడవాటి ప్యాడిల్ కుదురుతుంది. పక్క అంచుల వైపు చెదిరి ఉంటే వెడల్పైన 16 మిల్లీమీటర్లదాన్నే ఇంకొంతకాలం వాడండి.