‘జీఎం బొప్పాయి’ నారు అమ్ముతున్న అనంతపురం నర్సరీ: మొక్క మంచిదే, మాటే నమ్మదగినది కాదు

అనంతపురం శివారులో, బెంగళూరు రోడ్డు పక్కన ఉన్న ఈ నర్సరీలో నారు పెంపకానికి వంక పెట్టడానికి లేదు. ట్రేలోంచి మొక్కను లాగితే తెల్లటి వేళ్లు కొబ్బరిపొట్టును చెదరనీయకుండా పట్టుకొని వచ్చాయి. ఆకుల అడుగున పేనుబంక జాడ లేదు.

అభ్యంతరమల్లా అక్కడివారు చెప్పే మాటతోనే. “సార్, ఇవి జీఎం (జన్యుమార్పిడి) మొక్కలు, వైరస్ అనేదే రాదు” అంటూ, పక్క ట్రేలోని రెడ్ లేడీ అనే మామూలు బొప్పాయి రకం నారుకన్నా దాదాపు రెట్టింపు ధర చెప్పారు. మన దేశంలో వాణిజ్య సాగులో ఉన్న జన్యుమార్పిడి పంట 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. అందువల్ల వారి మాట అబద్ధమైతే మోసం, నిజమైతే అనుమతి లేని మొక్కను అమ్మిన నేరం. రెండు ట్రేల మొక్కలకూ నాకు తేడా కనిపించలేదు కనుక మొదటిదే అనుకుంటున్నాను.

జీఎం బొప్పాయి అసలు లేదని కాదు. రింగ్‌స్పాట్ అనే వైరస్ బొప్పాయి తోటలను తుడిచిపెడుతున్న హవాయి దీవుల్లో, ఆ వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువునే చెట్టులోకి చొప్పించి తయారుచేసిన ‘రెయిన్‌బో’ రకం 1998లో రైతులకు అంది, అక్కడి బొప్పాయి సాగును నిలబెట్టింది. అయితే ఆ రక్షణ ప్రధానంగా హవాయి వైరస్ తెగలకే పరిమితం. ఇతర దేశాల తెగలను రెయిన్‌బో తట్టుకోలేదని పరీక్షల్లో తేలింది. కాబట్టి నిజమైన రెయిన్‌బో నారే ఇక్కడికి చేరినా “రానే రాదు” అనే హామీ ఎవరూ ఇవ్వలేరు.

జన్యుమార్పిడి పత్తి అయితే నచ్చకుంటే మరుసటి ఏడాది మానుకోవచ్చు. ఏళ్ల తరబడి నిలిచి, పుప్పొడిని దూరాలకు పంపే అడవి చెట్ల విషయంలో ఆ వెసులుబాటు ఉండదు. ఎండుతెగులును తట్టుకునేలా అమెరికాలో జన్యుమార్పిడితో రూపొందించిన చెస్ట్‌నట్ అనే అడవి చెట్ల సంగతే చూడండి: పరీక్షిస్తున్నది డార్లింగ్ 58 అనుకున్న వంశం నిజానికి డార్లింగ్ 54 అని ఏళ్ల తర్వాత బయటపడింది. మొక్కల పెరుగుదల కూడా ఆశించినట్టు లేకపోవడంతో, 2023 డిసెంబరులో అక్కడి చెస్ట్‌నట్ ఫౌండేషన్ మద్దతు ఉపసంహరించుకుంది. ప్రయోగశాలల్లోనే ట్యాగులు తారుమారైతే, ట్యాగే లేని ఈ ట్రేల గురించి చెప్పేదేముంది?

రెడ్ లేడీ నారు కోసమైతే ఈ నర్సరీకి నిశ్చింతగా వెళ్లవచ్చు. బిల్లులో రకం పేరు రాయమని గట్టిగా అడగండి. నేను అడిగినప్పుడు “బొప్పాయి మొక్కలు” అని మాత్రమే రాసిచ్చారు.