హనుమకొండలో మా ఆడిటర్ ఆఫీసు

ములుగు రోడ్డులో స్కూల్ యూనిఫాంలు కుట్టే యూనిట్ మాది. 2024 సెప్టెంబర్ 1న ఆరుగురు ఆడవాళ్లను కొత్తగా పనిలో పెట్టుకున్నాం, నెలకు 12,000 జీతం. ఇంతకుముందు మా లెక్కలు చూసినాయన "కొత్తవాళ్లకు ఈ ఏడాది 240 రోజుల పని నిండలేదు, మీకు పన్ను తగ్గింపేమీ రాదు" అని ఫైలు మూసేశాడు. హనుమకొండ చౌరస్తా దగ్గరి ఈ ఆఫీసులో మేడం మాత్రం మా హాజరు పుస్తకం ముందేసుకుని, పెన్సిల్‌తో ఒక్కో పేరు పక్కన చేరిన తేదీ రాసుకున్నారు. "బట్టలు కుట్టే పనికి 150 రోజులు చాలమ్మా" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కొత్తగా ఉద్యోగాలిచ్చినవాళ్లకు ఆదాయ పన్నులో తగ్గింపు ఇచ్చే 80జెజెఏఏ సెక్షన్ కింద, మార్చి దాకా ఏడు నెలల జీతాలు 5,04,000లో 30 శాతం, అంటే 1,51,200 మా ఆదాయంలోంచి తీసేశారు. వరుసగా మూడేళ్లు ఇదే తగ్గింపు. జీతం నెలకు 25,000 దాటకూడదు, బ్యాంకు ఖాతాలోనే వేయాలి, పీఎఫ్ ఉండాలి. టాక్స్ ఆడిట్, అంటే పన్ను చట్టం ప్రకారం లెక్కలు తప్పనిసరిగా ఆడిట్ చేయించాల్సినవాళ్లకే ఇది. పీఎఫ్ కోత అంటే మావాళ్లు టెన్షన్ పడ్డారు. మేడం యూనిట్‌కే వచ్చి, మిషన్ల మధ్య స్టూలు మీద కూర్చుని, పాస్‌బుక్ ఎలా చూసుకోవాలో ఒక్కొక్కరికీ ఫోన్‌లో చూపించారు.

ఫీజు కాస్త ఎక్కువే. సెప్టెంబర్‌లో వెళ్తే గంటలు కూర్చోవాలి, జులైలోనే వెళ్లండి.