ముడతలు తీసే చిన్న ఇస్త్రీ పెట్టె: పనికొస్తుంది, డయల్‌ని మాత్రం నమ్మకండి

ఆర్‌సీ విమానాల (రిమోట్‌తో ఎగరేసే చిన్న మోడల్ విమానాలు) రెక్కలకు పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించడానికి, తర్వాత దాని మీద వచ్చే ముడతలు తీయడానికి వాడే చిన్న ఇస్త్రీ పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కంపెనీ పేరు రాయట్లేదు. ఒకటే అచ్చు, ఒకటే నీలం పిడి, పేరు మాత్రం మార్చి చాలామంది అమ్ముతున్నారు, మీరు ఆర్డర్ పెట్టినా బహుశా ఇదే వస్తుంది. ముందే చెప్పేస్తున్నా, బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేసిన మోడల్ ఉన్నవాళ్లకు ఇది కావలసిన వస్తువే. ఇంట్లో బట్టల ఇస్త్రీ పెట్టెతో నెట్టుకొద్దాం అనుకునేవాళ్లు రిబ్బుల (రెక్క లోపలి అడ్డ పట్టీలు) మధ్యకి, తోక మూలల్లోకి వచ్చేసరికి ఎలాగూ దీని కోసమే వెతుకుతారు. స్టీమ్ పెట్టె అయితే ఇంకా కష్టం, కింద ఉన్న రంధ్రాల అచ్చు ఫిల్మ్ మీద పడుతుంది.

కొనేముందు అసలు మన దగ్గర ముడతలు ఇంతలా ఎందుకొస్తాయో తెలిస్తే మంచిది, లేకపోతే నెలకోసారి వేడి చేసుకుంటూ కూర్చోవాలి. నల్లగొండ ఎండలు తెలిసినవే, మే నెలలో 45 దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు, పైగా గాలి పొడిగా ఉంటుంది. బాల్సా చెక్క ఆ గాలికి తనలో ఉన్న తేమ వదిలేసి కుంచించుకుపోతుంది. పోగు వెంబడి పెద్దగా తేడా రాదు, పోగుకు అడ్డంగా మాత్రం బాగా తగ్గుతుంది. లోపల చట్రం తగ్గింది, పైన ఫిల్మ్ మాత్రం ఉన్నంతే ఉంది, ఇక వదులవక ఏమవుతుంది! వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చెక్క మళ్లీ ఉబ్బి, సగం ముడతలు వాటంతటవే పోతాయి. అందుకే ఎండాకాలంలో ఫిల్మ్‌ని తబలాలాగా బిగించేయకండి. ఆగస్టులో చెక్క ఉబ్బినప్పుడు ఆ బిగువంతా రెక్క మీద పడి, పల్చటి తోక ముక్కలైతే వంకర పోతాయి.

రెడీమేడ్‌గా వచ్చే ఏఆర్‌ఎఫ్ విమానం బాక్సు తెరవగానే ముడతలు కనిపిస్తే అమ్మినవాడిని తిట్టాల్సిన పనిలేదు, అది తయారైన చోటి తేమ వేరు, మన దగ్గరి తేమ వేరు. బాక్సు నుంచి తీసి కొన్ని రోజులు ఇంట్లో గాలికి వదిలి, చెక్క మన వాతావరణానికి అలవాటుపడ్డాక ఇస్త్రీ చేయండి, ఒక్కసారితో పోతుంది. ఇంకోటి, నల్లగొండ పక్కన పానగల్లు దాటాక వరి కోసిన పొలాల్లో ఎగరేసి వచ్చి విమానాన్ని అద్దాలెత్తిన కారులో పెట్టి టిఫిన్‌కి వెళ్లేవాళ్లున్నారు. ఆ వేడికి ముదురు నీలం, నలుపు, ఎరుపు రంగు ఫిల్మ్‌లు ముందు వదులవుతాయి, తెలుపు, పసుపు కొంచెం తట్టుకుంటాయి. కారు మీద ఓ దుప్పటి కప్పినా చాలు.

ఇక పెట్టె సంగతి. చేతిలో తేలిగ్గా ఉంది, కింది పలకకు టెఫ్లాన్ పూత ఉంది, ముందు ముక్కు సన్నగా ఉండటం వల్ల ఫ్యూజ్‌లాజ్‌కి (విమానం మొండెం), తోకకి మధ్య మూలలోకి బాగా వెళ్తుంది. స్టాండ్ మాత్రం రేకు ముక్క, పేరుకే, వైరు బరువుకి పెట్టె పక్కకి ఒరుగుతుంది. నేనైతే పింగాణీ ప్లేటు వాడుతున్నాను. వైరు పొట్టిగా ఉంది, ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గర పెట్టుకోవాలి. మన 230 వోల్టులకు పనిచేసేదే వచ్చింది. అమెరికా నుంచి చుట్టాల చేత తెప్పించుకునేవాళ్లు మాత్రం వెనక లేబుల్ చదవండి, అక్కడివి చాలావరకు 110 వోల్టులవి, నేరుగా మన ప్లగ్గులో పెడితే పొగే.

అసలు గొడవంతా డయల్ దగ్గర. 140 దగ్గర పెట్టి, మల్టీమీటర్‌తో పాటు వచ్చే, వేడి కొలిచే తీగని పలక మధ్యలో ఆనించి చూస్తే 165 చూపించింది. ఎర్ర లైటు ఆరిపోయాక కూడా అంకె పైకి పోతూనే ఉంది, కాసేపటికి దిగడం మొదలైంది, లైటు మళ్లీ వెలిగే సమయానికి 140 కిందకి వచ్చింది. అంటే లోపలి థర్మోస్టాట్ ఆన్ ఆఫ్ అవుతూ పాతిక డిగ్రీలకు పైగా ఊగుతోంది. ఈ ధరకి ఇది మామూలే, కానీ ఫిల్మ్ పనిలో పాతిక డిగ్రీలంటే చిన్న తేడా కాదు. జర్మనీలో లైప్‌జిగ్‌లో చేసే ఒరాకవర్ లాంటి ఫిల్మ్‌కి సుమారు 100 డిగ్రీల దగ్గర జిగురు పట్టుకుంటుంది, 150 ప్రాంతంలో ఫిల్మ్ గుంజుకుంటుంది. మోనోకోట్ అనే ఇంకో రకం ఫిల్మ్ అయితే ఇంకాస్త వేడి అడుగుతుంది. పాత సోలార్‌ఫిల్మ్ చుట్ట ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే జాగ్రత్త, అది పాలీప్రొపిలీన్, పై రెండిట్లో ఉండే పాలియెస్టర్ తట్టుకున్నంత వేడి తట్టుకోదు, చూస్తుండగానే చిల్లు పడుతుంది.

లేజర్ చుక్క పెట్టి వేడి చెప్పే తుపాకీ థర్మామీటర్లు కరోనా టైంలో కొన్నవాళ్ల ఇళ్లలో ఉన్నాయి కదా, దానితో చూద్దాం అనుకుంటారు. జ్వరం చూసేదైతే ఇంత వేడి అసలు చూపించదు. ఫ్యాక్టరీలలో వాడే రకమైనా మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది. పలక మీద చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద కొలిస్తే కొంత నయం. మల్టీమీటర్ తీగ అన్నిటికన్నా మేలు, నల్లగొండలో గడియారం దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగి చూడండి. కొలిచిన అంకెలు రాసిన తెల్ల టేపు ముక్క ఇప్పుడు నా పెట్టె పిడి మీద ఉంది, డయల్ అంకెలు చూడటం మానేశాను.

ముడత తీసే వరుస సంగతి పెట్టెతో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు, ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలున్నాయి, అవీ సరిగా లేవు. ముందు తక్కువ వేడితో అంచులన్నీ, అతుకులన్నీ, రిబ్బుల పైభాగాలన్నీ ఒకసారి నొక్కి అతికించాలి. ముడత తీయాలన్న తొందరలో నేరుగా మధ్యలో వేడి పెడితే ఫిల్మ్ గుంజుకునేటప్పుడు అంచుని కూడా లాగేస్తుంది, అప్పుడు ముడత పోయి అతుకు ఊడుతుంది. అంచులు పట్టాక వేడి పెంచి, రిబ్బుల మధ్య ఖాళీ భాగం మీద పెట్టెని నొక్కకుండా, తగిలీ తగలనట్టు జరపాలి. ఫిల్మ్ ఒక్కసారి సన్నగా వణికి, గీతలు మాయమై, అద్దంలా సాపు అవుతుంది. చూడటానికి భలే ఉంటుంది, నిజం చెప్పాలంటే ఈ హాబీలో నాకు ఎగరేయడం కన్నా ఇదే ఇష్టమేమో.

కింద చెక్క పలక ఉన్నచోట, అంటే రెక్క ముందు భాగంలో, కథ వేరు. అక్కడ వచ్చేది ముడత కాదు, బుడగ. లోపల చిక్కిన గాలి వేడికి ఉబ్బుతుంది కాబట్టి ఇస్త్రీ పెట్టిన కొద్దీ బుడగ ఇంకా పెద్దదవుతుంది, జనం ఇక్కడే కంగారుపడి వేడి పెంచుతారు. గుండుసూదితో రెండు మూడు చోట్ల పొడిచి, తక్కువ వేడితో ఒక వైపు నుంచి మెల్లగా నెట్టుకుంటూ వచ్చి, పెట్టె తీసిన వెంటనే పాత కాటన్ గుడ్డతో గట్టిగా అదిమి చల్లారేదాకా ఉంచండి. జిగురు పట్టేది ఆ చల్లారేటప్పుడే. పెట్టెకి తొడిగే కాటన్ సాక్సు ఒకటే ఇచ్చారు, అది మాడిపోయాక పాత బనీను ముక్క తొడిగి రబ్బర్ బ్యాండ్ వేశాను, గీతలు పడట్లేదు.

హీట్ గన్ విడిగా కొనాలా అని అడుగుతారు. రెక్క తిరిగే వంపులకీ, రెక్క చివర గుండ్రటి భాగానికీ కావాలి, మిగతాదానికి పెట్టె చాలు. హెయిర్ డ్రయ్యర్ వేడి ఈ ఫిల్మ్‌కి సరిపోదు, జుట్టు ఆరబెట్టుకోండి. మహబూబ్‌నగర్‌లో మా ఫ్రెండ్ ఒకతను రెక్క పట్టుకుని కార్లకి స్టిక్కరింగ్ వేసే షాపుకి వెళ్లాడు, నేనూ వెంట ఉన్నాను. అక్కడి పిల్లగాడు హీట్ గన్ చేతిలోకి తీసుకుని, “అన్నా, మీరు అటు గుంజి పట్టుకోండి, నేను వేడి చేస్త” అన్నాడు. కారు వినైల్ అట్లే కదా, వేడి చేస్తే సాగుతుంది, సాగదీసి వంపు మీద కూర్చోబెడతారు. “గుంజొద్దు తమ్మీ, దీనికి వేడి తగిలితే అదే గుంజుకుంటది” అని మావాడు చెబితే మొదట నమ్మలేదు, చెయ్యి దూరంగా పట్టి కొంచెం వేడి ఊది చూశాడు, ఫిల్మ్ టక్కున బిగిసేసరికి పక్కనున్నవాళ్లని పిలిచి చూపించాడు. తర్వాత మాకన్నా వాడే బాగా చేశాడు. డబ్బులు కూడా వద్దన్నాడు, చాయ్ తాగించి వచ్చాం. మీ ఊర్లో అలాంటి షాపు ఉంటే హీట్ గన్ కొనకుండానే పని నడుస్తుంది. తక్కువ వేడి పెట్టమని, అతుకుల మీదకీ, ప్లాస్టిక్ కానోపీ (కాక్‌పిట్ మీది మూత) మీదకీ ఊదొద్దని మాత్రం ముందే చెప్పండి. కానోపీ మీద తడి గుడ్డ కప్పితే ఇంకా మంచిది.

ఒక పక్క ముడతలు తీసి సంబరపడి వదిలేస్తే రెక్క మెలి తిరుగుతుంది, ఇది చాలామంది చూసుకోరు. పైన బిగించినంత కింద కూడా బిగించి, రెక్కని వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడండి (కింది భాగం చదునుగా ఉన్న ట్రైనర్ రెక్కలకే ఈ లెక్క, మిగతావాటికి వెనక నుంచి కంటితో చూసి రెండు కొసలూ పోల్చుకోవాలి). ఒక మూల లేస్తే, చేత్తో దాన్ని కొంచెం ఎక్కువగానే ఎదురు వైపు మెలిపెట్టి పట్టుకుని, ఇంకొకళ్లతో పైనా కిందా వేడి పెట్టించి, చల్లారాక వదలాలి. మెలి అలాగే ఉంచి ఎగరేస్తే విమానం ఒక పక్కకే ఒరుగుతూ పోతుంది, రిమోట్‌లో ట్రిమ్ (ఒరుగుడు సరిచేసే మీట) ఎంత తిప్పినా స్పీడు తగ్గగానే మళ్లీ అదే.

ఎంత వేడి పెట్టినా పోని ముడతంటే ఆ ఫిల్మ్ గుంజుకోగలిగినంతా గుంజుకుంది అని అర్థం, ఆ భాగం కోసి కొత్త ముక్క వేయడమే. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు చేసే థర్మాకోల్, డెప్రాన్ (నురుగు షీటు) విమానాల మీద ఈ పెట్టెని ముడత తీసేంత వేడిలో పెట్టారంటే నురుగంతా కరిగి గుంట పడుతుంది, వాళ్లకి రంగు టేపే మంచిది, ఇది కొనక్కర్లేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఒకటి డయల్‌కి కోశాను, అర స్టాండ్‌కి. రెండు వేలకి అటూ ఇటూ ఉంటే తీసుకోండి, మూడు వేలు దాటి చెబితే వద్దు, అదే వస్తువు వేరే పేరుతో తక్కువకి ఉంటుంది. రాగానే రిటర్న్ గడువు లోపల వేడి కొలిచి చూడండి, 40 డిగ్రీలకు మించి తేడా ఉంటే వెనక్కి పంపేయండి.