తిరుపతి ఎండలో డ్రాగ్ టైరును వేడి చేయాలా? మూడేళ్ల వాడకం తర్వాత

"ఏమన్నా, ఎండకే ఉడికిపోతా ఉండాది టైరు, దాన్ని మళ్లా కాల్చేదేంది?" డ్రాగ్ రేసులో, అంటే నిలబడిన చోటి నుంచి నేరుగా 402 మీటర్ల పరుగులో, బయల్దేరే ముందు బండిని ఆపి చక్రాలు గిర్రున తిప్పి టైరు వేడి చేసే బర్నౌట్ గురించి చెప్పినప్పుడు రేణిగుంట రోడ్డులో నాకు టైర్లు మార్చే కుర్రాడు అన్న మాట ఇది. ఆ రోజు నవ్వాను. మూడేళ్లలో రెండు జతల టైర్లు, ఒక క్లచ్ ప్లేటు అరగదీశాక చూస్తే వాడి మాట తొంబై పాళ్లు నిజమే. మిగతా పది పాళ్ల సంగతే ఈ సమీక్ష.

నాది 1.0 లీటర్ టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ లెక్కలో 110 హార్స్‌పవర్, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించాక ఇంకొంచెం. మాన్యువల్ గేర్లు, పవర్ అంతా ముందు చక్రాలకే. వారమంతా కరకంబాడి రోడ్డులో ఆఫీసుకు, ఆదివారం అమ్మను ఎక్కించుకుని తిరుచానూరుకు. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రం తెల్లవారుజామున లేచి పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోతాను. రాత్రిపూట ఖాళీ బైపాస్‌ల మీద పందేలు కట్టేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే 5,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు. అది పక్కన పెడితే, ఆ రోడ్ల మీద గొర్రెలు కూడా పడుకుంటాయి.

మొదట ఎంపిక. వీడియోల్లో పొగలు కక్కే అసలు డ్రాగ్ రేడియల్స్ అమెరికా మజిల్ కార్ల వెనక చక్రాల కోసం చేసినవి. 275/60 R15 లాంటి సైజులు (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్కగోడ ఎత్తు అందులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో). అంటే 71 సెంటీమీటర్ల ఎత్తున్న చక్రం. నా బండికి కంపెనీ సైజు 185/60 R15, ఎత్తు 60 సెంటీమీటర్లే. ఆ టైరు మన చిన్న బండి మడ్‌గార్డులోకి దూరదు. కాబట్టి మనకు మిగిలేది ఆర్ కాంపౌండ్ అనే మెత్త రబ్బరు టైర్లు. రోడ్డు మీద తిరగడానికి గాళ్లు (నీళ్లు పోయే గాడులు) ఉంటాయి, రబ్బరు మాత్రం రేసు రబ్బరుకు దగ్గర. సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీద ట్రెడ్‌వేర్ అనే అరుగుదల అంకె చూడండి, అది తక్కువైతే రబ్బరు మెత్తన. మామూలు టైర్లకు 300, 400 ఉంటుంది. నేను కొన్నవి 100. ఆ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే వేసుకుంటుంది కాబట్టి ఒకరి 100ని ఇంకొకరి 120తో పోల్చి తల పగలగొట్టుకోవద్దు. 100కి 300కి ఉన్న తేడా మాత్రం గోటితో నొక్కితేనే తెలిసిపోతుంది.

మొదటి జత సైజులోనే తప్పు చేశాను. దొరికింది కదా అని 195/50 R15 తెచ్చాను. ఎత్తు 603 మిల్లీమీటర్ల నుంచి 576కి పడిపోయింది. చక్రం చిన్నదైతే గేర్లు పొట్టివైనట్టే, నిలబడిన చోటి నుంచి బండి చలాకీగా కదిలింది, నిజమే. కానీ స్పీడోమీటరు 100 చూపిస్తుంటే అసలు వేగం 95, 96 దగ్గర ఉండేది. కింద 13 మిల్లీమీటర్లు తగ్గేసరికి మా వీధి స్పీడ్ బ్రేకర్ ప్రతిరోజూ కడుపు గీకేది. ఇంకోటి నేను చూసుకోనే లేదు. కంపెనీ టైరు లోడ్ ఇండెక్స్ 84, అంటే ఒక్కో టైరు మోయగలిగేది 500 కిలోలు. ఇది 82, అంటే 475 కిలోలు. నలుగురిని ఎక్కించుకుని కొండకు పోయే బండికి అది సరైన ఎంపిక కాదు. రెండో జత 195/55 R15, లోడ్ ఇండెక్స్ 85 ఉన్నది తీసుకున్నాను. ఎత్తు తేడా 8 మిల్లీమీటర్ల లోపే, లోడ్ 515 కిలోలు. మళ్లీ కొన్నా ఇదే సైజు కొంటాను.

కొనేటప్పుడు తగిలిన ఇంకో దెబ్బ. టైర్ల ఫ్యాక్టరీ మన జిల్లాలోనే ఉంది, చినపాండూరులో అపోలో వాళ్లది. నాకు కావలసిన సైజులో ఈ రకం టైరు మాత్రం బయటి దేశం నుంచి రావలసిందే. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. దాంతో అంగళ్లలో పాత నిల్వలు తిరుగుతుంటాయి. నా మొదటి జతను ఒక పెద్ద ఊరి అంగట్లో "ఫ్రెష్ స్టాక్ సార్" అని అంటగట్టారు. ఇంటికొచ్చి చూస్తే సైడ్‌వాల్ మీద చివరి నాలుగంకెలు 1419. 2019లో పద్నాలుగో వారం. నాలుగేళ్ల టైరు! మామూలు టైరుకైతే ఏమోగానీ, మెత్త రబ్బరు గోడౌన్ వేడికి గట్టిపడిపోతుంది. జత 32,000 పోసి కొన్నది, కొత్తలో కూడా సగం పట్టే ఇచ్చింది. డబ్బు చేతిలో పెట్టే ముందు టార్చి వేసి ఆ నాలుగంకెలు చదవండి. అంగడాయన మొహం చిట్లించినా సరే.

ఇక వేడి చేయడం. బర్నౌట్‌తో రెండు పనులు జరగాలి. పైనున్న దుమ్ము, ఇసుక రాలిపోవాలి. రబ్బరు పైపొర మెత్తబడి రోడ్డు గరుకులోకి దిగాలి. పొగ రావడం అందులో భాగం కాదు, అది ఫోన్ల కోసం. గాళ్లున్న టైరుతో నీళ్ల గుంటలో దిగడం ఇంకా దండగ. గాళ్లలో చేరిన నీళ్లు మడ్‌గార్డుకు కొట్టి, సరిగ్గా స్టార్ట్ లైన్ దగ్గరికొచ్చాక టైరు ముందు కారతాయి. పక్కనుంచి తిప్పుకుని పోండి.

నా పద్ధతి ఇది: హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, స్టీరింగ్ నేరుగా పెట్టి, చక్రాలు జారకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి, రెండో గేరులో చక్రాలు తిప్పుతాను. మనసులో మూడు లెక్కపెట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలేస్తే బండి ముందుకు దొర్లుతుంది. అంతే. మొదటి గేరులో చేస్తే చక్రం వేగం సరిపోదు. క్లచ్‌ను సగంలో పట్టుకుంటే మాత్రం మాడుతుంది. ఆ వాసన నాకు బాగా పరిచయం.

ఇప్పుడు లెక్కలు. సమయం కొలిచే జీపీఎస్ బాక్సు, చేతిలో పట్టుకునే టెంపరేచర్ గన్, ఒక నోటు పుస్తకం. టైరు పట్టు తెలిసేది మొదటి 60 అడుగుల్లోనే, అంటే 18.3 మీటర్లు. కంపెనీ టైర్లతో నాకు ఆ దూరానికి 2.48 సెకన్లు, 402 మీటర్లకు 16.4. రెండో జతతో, అంతా కుదిరిన రోజున 2.27, 16.1.

డిసెంబరు పొద్దున టైరు 26 డిగ్రీలున్నప్పుడు బర్నౌట్ లేకుండా పోతే ఆ 60 అడుగులకు 2.41, మూడు సెకన్లు తిప్పాక 2.28. ఇక్కడ వార్మప్ విలువ కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం టైరు నిలబడిన చోటే 52 డిగ్రీలు. ఏమీ చేయకుండా పోతే 2.31. మూడు సెకన్లకు 2.27. స్నేహితులు కేకలు వేస్తుంటే ఎనిమిది సెకన్లు తిప్పిన రోజు 2.36! గన్ 110 దాటింది, రబ్బరు ముద్దలు ముద్దలుగా ఊడి, గ్రీజు పూసిన నేల మీద నిలబడ్డట్టు బండి జారింది. ఏమీ చేయనిదాని కంటే అధ్వానం. కుర్రాడు చెప్పిన తొంబై పాళ్లు ఇవే. గన్ చూపించేది పైపొర వేడి మాత్రమే. లైన్‌లో నిమిషం నిలబడితే ఇరవై డిగ్రీలు జారిపోతుంది. కాబట్టి ముందు బండికి పచ్చలైటు పడేదాకా ఆగి, ఆ తర్వాతే చక్రాలు తిప్పడం మేలు.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ చెప్పగా వినలేదు. ఎండలో బండి నిలిపితే ఎండవైపు టైరు రెండోదాని కంటే ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ కాలుతుంది. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్ నా బండికి మామూలుది, ఒక చక్రమే తిరిగిపోకుండా చూసే ఎల్ఎస్‌డీ కాదు. పట్టు తక్కువున్న చక్రమే తిరుగుతుంది, అంటే చల్లటిది. దాంతో బర్నౌట్‌లో ఒకటే మాడుతుంది. ఒకసారి ఎడమది 96, కుడిది 58! ఆ పరుగులో బండి ముక్కు కుడికీ ఎడమకూ ఊగింది, స్టీరింగ్ పట్టుకోవడానికే నా బలం సరిపోయింది. అప్పటినుంచి క్యూలో ఉన్నంతసేపు ఎండవైపు టైరు మీద నాన్న పాత తెల్లపంచె కప్పుతున్నాను. చూసినవాళ్లు నవ్వుతారు. "టైరుకు పంచె కట్టినావా సామీ" అని ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు. తేడా నాలుగు డిగ్రీలకు దిగింది.

గాలి గురించి కొంచెం. వేడి ఐదున్నర డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. తిరుపతిలో తెల్లవారుజామున 26 పెట్టుకుని పోతే మధ్యాహ్నానికి ట్రాక్‌లో 30 ఉంటుంది. ఇంట్లో పెట్టిన గాలిని నమ్మకుండా అక్కడే, వేడి మీద సరిచేసుకోవాలి. ముందు చక్రాలకు 25 నాకు కుదిరింది. 22కి దించితే సైడ్‌వాల్ మడతపడి బండి తూలింది. వెనక 38, ఊరికే దొర్లే చక్రాలు కదా. తిరిగొచ్చేటప్పుడు చిన్న కంప్రెసర్‌తో మళ్లీ 32 కొట్టుకుంటాను. ఒకసారి బద్ధకించి 25తోనే బయల్దేరాను. నాగలాపురం దాటాక ఒక గుంతలో రిమ్ము వంగింది.

రోజువారీ వాడకానికి ఈ టైర్లు వద్దు. మొదటి జతను నాలుగు నెలలు బండికే ఉంచి చూశాను. చంద్రగిరి వైపు కంకర టిప్పర్లు రాల్చిన ప్రతి రాయినీ టైరు ఏరుకుని మడ్‌గార్డుకు కొడుతుంది, వేపుడు గింజల చప్పుడు. లోపల మాట వినపడదు. ముందు సీట్లో కూర్చున్న అమ్మ "బండి చెడిపోయిందా నాయనా" అని రెండుసార్లు అడిగింది. ఘాట్‌లో దిగేటప్పుడు పొడి రోడ్డు మీద పట్టు అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2021 నవంబరులో ఊరంతా మునిగింది చూశాం కదా. ఈ టైర్లున్నప్పుడు ఒక వానకు కపిలతీర్థం రోడ్డులో బెత్తెడు నీళ్లలో 40 వేగానికే స్టీరింగ్ గాల్లో తేలినట్టు అయింది. పక్కన ఆటో ఉంది. ఆ రాత్రే ఇంటికొచ్చి జాకీ వేశాను.

పట్టు పెరిగితే చక్రం జారి తప్పించుకునే దారి మూసుకుపోతుంది, ఆ దెబ్బంతా వెనక్కి, క్లచ్ మీదికీ ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంట్ల మీదికీ తంతుంది. క్లచ్ ఒకటి, ఇంజిన్ మౌంట్ ఒకటి పోయాయి. టైర్లకు పెట్టిన డబ్బులో సగం మళ్లీ దానికే అయింది. ఇది ముందే లెక్కలో వేసుకోండి.

ఏడాదికి ఒక్కసారి ట్రాక్‌కు పోయేవాళ్లకైతే ట్రెడ్‌వేర్ 200 దగ్గర ఉన్న మంచి టైరు చాలు. స్నేహితుడి బండి అటువంటి టైర్లతోనే, అదే ఇంజిన్‌తో 2.34 కొట్టింది. ఏ వార్మప్పూ లేకుండా, అవే టైర్లతో ఇంటికొచ్చాడు. నాలాగా పిచ్చి ముదిరినవాళ్లు పాత రిమ్ములు రెండు కొని, మెత్త టైర్లను వాటికే ఉంచి, డిక్కీలో వేసుకుని పోవడం మేలు. అక్కడ జాకీ, వీల్ పానాతో మార్చడానికి అరగంట.

కొత్త జతకు మొదటిసారి బాగా వేడి తగిలాక ఒకరోజు కదపకుండా వదిలేస్తే రబ్బరు కుదురుకుంటుంది. రెండో జతకు అలాగే చేశాను. ఇప్పటికి 41 పరుగులు. కొత్తలో 6 మిల్లీమీటర్లున్న గాడి ఇప్పుడు 3.1. చట్టం ప్రకారం 1.6 దాకా వాడొచ్చు. కానీ గాడి కంటే ముందు రబ్బరు పట్టు పోతుంది, ఈ డిసెంబరులో 2.33 కంటే కిందికి దిగలేదు. నల్ల ప్లాస్టిక్ కవరులో చుట్టి మెట్ల కింద పెట్టాను. నీళ్ల మోటారు పక్కన పెడితే ఓజోన్‌కు రబ్బరు పగుళ్లిస్తుంది కాబట్టి ఆ గదిలో పెట్టలేదు. మెట్ల కింద అమ్మ ఆవకాయ జాడీలు ఉంటాయి. రబ్బరు వాసన వస్తోందని మొన్న వాటిని వంటింట్లోకి మార్చింది.