సింగిల్ ఇక్కత్, డబుల్ ఇక్కత్: తేడా ఎక్కడ?

ఇక్కత్ అంటే దారాలకు ముందే ముడులు కట్టి రంగు వేసి, ఆపైన నేసే పద్ధతి. మగ్గం మీద నిలువుగా సాగే దారం పడుగు, నాడెతో అడ్డంగా పడేది పేక. సింగిల్ ఇక్కత్‌లో ఈ రెండింటిలో ఒక్కదానికే ముందుగా ముడులు కట్టి రంగు వేస్తారు. ధర కాస్త అందుబాటులో ఉంటుంది.

డబుల్ ఇక్కత్‌లో రెండింటికీ రంగు ముందే పడాలి. ఆపైన నేతలో పేక మీది రంగు సరిగ్గా పడుగు మీది రంగుతోనే కలవాలి. కొంచెం జరిగినా పువ్వు చెదిరిపోతుంది. గుజరాత్ పాటన్ పటోలా చీరలు, మన తెలంగాణలోని పుట్టపాక తేలియా రుమాల్ వస్త్రాలు ఈ కోవవే. తేలియాకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, నిజానికి ఎప్పుడో రావాల్సింది!

కొనేటప్పుడు డిజైన్ అంచులు చూడండి. మసక ఒక దిశలోనే ఉంటే సింగిల్. నిలువుగానూ అడ్డంగానూ కనిపిస్తే డబుల్. రోజూ కట్టుకోవడానికి సింగిల్ చాలు. దాచుకుని కూతురికి ఇవ్వాలనుకుంటే మాత్రం డబుల్‌కే నా ఓటు.